ఒక్కరే పెద్దగా ఉన్న ఇంట్లో బడి ఉదయం

శ్రోతలకు నమస్కారం.

రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని పెద్దలు అంటారు. ఆ కార్తె వెళ్ళి మృగశిర ప్రవేశించిన నాలుగైదు రోజులకు, అంటే సాధారణంగా జూన్ 12వ తేదీ ప్రాంతంలో, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరుస్తారు. విజయవాడలో అప్పటికి ఎండ ఏమంత తగ్గి ఉండదు గాని, బీసెంట్ రోడ్డులో బూట్ల దుకాణాల ముందూ యూనిఫారాల దుకాణాల ముందూ నిలబడడానికి చోటు దొరకదు. ఆ గుంపులో ఒక చేత కొలతల చీటీ, మరో చేత పిల్లవాడి రెక్క పట్టుకుని, జేబులోంచి డబ్బు తీయడానికి మూడో చెయ్యి లేక అవస్థపడేవాళ్ళు కొందరు కనిపిస్తారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. నాలుగేళ్ళ కిందట నా భార్య కాలం చేసింది. నాలుగో తరగతిలోకి వచ్చిన అమ్మాయి, ఒకటో తరగతిలోకి వచ్చిన అబ్బాయి, ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను, ఇదీ మా ఇల్లు.

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవారంటే నాలా భార్యనో, భర్తనో పోగొట్టుకున్నవారే కారు. విడిపోయినవారున్నారు. భర్త గల్ఫ్ దేశంలో ఉండగా ఇక్కడ ఇల్లు నెట్టుకొస్తున్న ఇల్లాళ్ళున్నారు. కడప వైపునా గోదావరి జిల్లాల్లోనూ భార్య కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళగా పిల్లల్ని తానే బడికి పంపుతున్న తండ్రులున్నారు. కాగితాల మీద వీళ్ళు వేరువేరు గడుల్లో పడతారేమో గాని, ఉదయం ఆరు గంటలకు అందరిదీ ఒకటే పరిస్థితి.

నన్ను చూసి జాలిపడే బంధువులు ముందుగా అడిగే ప్రశ్న, ‘వంట ఎలా చేసుకుంటున్నావయ్యా?’ అని. నిజం చెప్పాలంటే వంట నాకు పెద్ద కష్టం కాలేదు. పప్పు కుక్కర్‌లో పడేస్తే దాని పని అదే చూసుకుంటుంది. ఆదివారం రుబ్బిన పిండి బుధవారం దాకా ఇడ్లీకి వస్తుంది, ఆ తరువాత పులిసినా అట్టుకు పనికొస్తుంది. నాకు కష్టమనిపించింది వేరొకటి. ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఒకరు మరచిపోయింది రెండోవారికి గుర్తుంటుంది. ‘డైరీలో సంతకం పెట్టారా?’ అని వంటింట్లోంచి ఒక మాట వినబడుతుంది, పెట్టనివారు పరుగెత్తి పెడతారు. ఆ మాట అనే మనిషి లేని ఇంట్లో, మరచిపోయినది మరచిపోయినట్టే బడి దాకా వెళ్ళిపోతుంది. చెయ్యడానికి రెండు చేతులు ఎలాగో చాలుతాయి. గుర్తుపెట్టుకోవడానికి ఒక్క తల చాలదు.

ఈ సంగతి నాకు తెల్లబూట్ల వల్ల తెలిసింది. మా పిల్లల బడిలో బుధవారం తెల్ల యూనిఫారం, తెల్లబూట్లు. ఒక యేడు నాలుగు బుధవారాల్లో మూడుసార్లు మా అమ్మాయి నల్లబూట్లతో వెళ్ళింది. మూడోసారి ప్రార్థన సమయంలో దాన్ని విడిగా నిలబెట్టారట. సాయంత్రం ఇంటికొచ్చి ఏడవలేదు, ఫిర్యాదూ చేయలేదు. తెల్లబూట్లు తెచ్చి, నేను మరునాడు వేసుకోవలసిన చొక్కా మీద పెట్టింది. బూట్లకు సుద్ద ఉంది, దానితో చొక్కా పాడైంది. పిల్ల పరిష్కారం కనిపెట్టింది, తండ్రి కనిపెట్టలేదు. మరచిపోకూడని వస్తువు కళ్ళకు అడ్డంగా ఉండాలి, అంతే.

ఆ మరునాడే క్యాలెండరు వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపున వారం రోజులూ రాసి, వంటింటి తలుపు పక్కన పిల్లల కంటి ఎత్తులో అంటించాను. నా కంటి ఎత్తులో కాదు. బుధవారం ఎదురుగా తెల్లబూట్లు, శుక్రవారం ఎదురుగా డ్రాయింగ్ పుస్తకం, ప్రతి సోమవారం గోళ్ళు. చదవడం ఇంకా సరిగా రాని అబ్బాయి కోసం అమ్మాయి పక్కన బొమ్మలు వేసింది. గోళ్ళ బొమ్మ మాత్రం రాక్షసుడి చెయ్యిలా వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక ఆ కాగితం ముందు నిలబడి, మరునాటి వరుస పైకి చదివే పని అబ్బాయిది. వాడు తప్పు చదివితే అక్క దిద్దుతుంది. ఇంట్లో లేని ఆ రెండో మనిషి పని ఇప్పుడు ఇలా ముగ్గురికీ పంచుకుపోయింది. ఆరేళ్ళ పిల్లవాడికి పని చెప్పడం పాపమని కొందరంటారు. నేను ఒప్పుకోను. వాణ్ణి గ్యాసు పొయ్యి దగ్గరకు పంపడం పాపం. తన సాక్సులు తాను వెతుక్కోమనడం కాదు.

ఇక రాత్రి పని. దొండకాయలో, బెండకాయలో తరిగి డబ్బాలో పెట్టడం, నీళ్ళ సీసాలు కడిగి బోర్లించడం, యూనిఫారం మీద టై, బెల్టు, ఐడీ కార్డు పెట్టి ఒకే కుర్చీ మీద ఉంచడం, ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి సాగదీయను. సంచి సర్దడం గురించి మాత్రం ఒక మాట. బడిసంచి బరువు పిల్లల బరువులో పదోవంతు మించకూడదని 2020లో కేంద్రం ప్రకటించిన విధానం చెబుతోంది. మా అబ్బాయి బరువు 18 కిలోలు. అంటే వాడి సంచి 1.8 కిలోలు మించకూడదు. ఉదయం హడావిడిలో సర్దే సంచిలో, ఏది కావాలో చూసే తీరిక లేక, అన్నీ వేసేస్తాం. రాత్రి టైంటేబుల్ చూసి సర్దితే ఇంట్లో ఉండిపోవలసిన పుస్తకాలు ఇంట్లోనే ఉంటాయి.

అన్నిటికంటె నన్ను ఏడిపించినది జడ. బడి నియమం ప్రకారం రెండు జడలు, మడిచి పైకి కట్టి, నీలం రిబ్బన్లు. జుట్టు కత్తిరించేస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇచ్చారు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ పెంచిన జుట్టది. పిల్లల కోసమైనా మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నవాళ్ళూ ఉన్నారు. పొద్దున్నే జడ వేయడానికి ఒక మనిషిని పెళ్ళి చేసుకుని తీసుకురావడం ఆ మనిషికి ఎంత అన్యాయమో వాళ్ళకు తట్టలేదు. చివరకు నేనే నేర్చుకున్నాను. మూడు నాడాలు కిటికీ ఊచకు ముడివేసి, పిల్లలు నిద్రపోయాక వారం రోజులు అల్లి చూశాను. నాడాలతో బాగానే వచ్చింది గాని, తల దగ్గరకు వచ్చేసరికి ఆ నేర్పు పనికిరాలేదు. నాడా కదలదు, పిల్ల కదులుతుంది, పైగా అదే సమయంలో ఎక్కాలు అప్పజెబుతుంది. నేను అల్లిన జడ మధ్యాహ్నానికి ఊడిపోయేది.

ఎదురింటి మామ్మగారు ఒకరోజు మెట్ల మీద నుంచి చూసి, ‘నాయనా, పాయల్ని నీవైపు లాక్కోకు. మెడకు ఆనించి బిగించు, మొదటి మూడు మెలికలూ గట్టిగా పడితే తక్కినది దానంతటదే నిలుస్తుంది’ అన్నారు. తడి చేత్తో దువ్వితే పాయ జారుతుందనీ, నాలుగు చుక్కల కొబ్బరినూనె ముందు రాయాలనీ, పాపిట దువ్వెన పళ్ళతో గాక దాని తోకతో నుదుటి నుంచి వెనక్కి ఒక్క గీతగా తీయాలనీ, రిబ్బను చివర్లో కాకుండా సగం జడలోనే పాయతో కలిపి అల్లాలనీ చెప్పారు. మొదటివారం నాకు 22 నిమిషాలు పట్టిన పని ఇప్పుడు ఏడు నిమిషాల్లో అవుతోంది. పాపిట ఇప్పటికీ కొంచెం ఎడమకు వంగుతుంది. మా అమ్మాయి దాన్ని ‘నాన్న పాపిట’ అంటుంది.

మామ్మగారి పేరు వచ్చింది కాబట్టి సాయం అడగడం గురించి చెబుతాను. ‘ఏదైనా అవసరమైతే అడుగు’ అన్నవారిని మనం ఎప్పుడూ అడగము. ఏమడగాలో మనకే తెలియదు. ‘మంగళవారం నాకు మొదటి పీరియడ్ ఉంది, ఆటో వచ్చేదాకా పదిహేను నిమిషాలు వీళ్ళను మీ వాకిట్లో కూర్చోనిస్తారా?’ అని అడిగితే మాత్రం కాదన్నవారు నాకు తారసపడలేదు. జ్వరం వచ్చిన ఉదయానికి ఇది మరీ అవసరం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో ఒంటరి తండ్రులకు కూడా 2018 నుంచి శిశు సంరక్షణ సెలవు వర్తిస్తోంది. ఉద్యోగ కాలం మొత్తం మీద 730 రోజుల దాకా వాడుకోవచ్చు. అర్హత ఉన్నవారు, ముఖ్యంగా మగవారు, మొహమాటపడి వదులుకోవద్దు. నాబోటి ప్రైవేటు ఉద్యోగికి ఉన్నది ఎదురింటి మామ్మగారే.

ఆటో అన్నాను కదా. మొదట్లో ఇద్దరినీ నా స్కూటరు మీదే దింపేవాణ్ణి. చట్టం ప్రకారం ద్విచక్ర వాహనం మీద నడిపేవారు గాక మరొక్కరే కూర్చోవాలి. పిల్లలిద్దరికీ నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఒకరిని దింపి మళ్ళీ రెండోవారి కోసం వచ్చే వీలుండదు. ఒంటరిగా ఇంట్లో ఎవరిని వదలాలి? ఆ రూలు రాసినవారి మనసులో ఇంట్లో మరొక పెద్ద ఉన్నట్టే ఉంది. అయినా అది ప్రాణానికి సంబంధించినది, తప్పించుకోదగినది కాదు. అందుకే నెలకు కొంత భారమైనా ఆటో మాట్లాడాను. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్ళే తల్లులు, తండ్రులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2023 ఫిబ్రవరి నుంచి ఆ వయసు పిల్లలకు నడిపేవారితో కట్టి ఉంచే రక్షణ పట్టీ తప్పనిసరి, తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్ కూడా ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు.

బడి తెరిచే ముందు పనుల్లో అట్టలు వేయడం నాకు ఇష్టమైనది, దరఖాస్తులు నింపడం ఇష్టం లేనిది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పుస్తకాలు, సంచి, బూట్లు, యూనిఫారం గుడ్డ అక్కడే ఇస్తారు కాబట్టి కుట్టించే పని మాత్రమే మిగులుతుంది. ప్రైవేటు బడి పిల్లలకు అన్నీ కొనాల్సిందే. బొత్తిగా చిరగని పాఠ్యపుస్తకాలు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దొరికితే నేను సంకోచించను. యూనిఫారం మడత రెండంగుళాలు ఎక్కువ పెట్టించడం మా అమ్మ చెప్పిన చిట్కా. అది దసరా సెలవులకే విప్పాల్సి వస్తుంది.

దరఖాస్తుల్లో ‘తల్లి సంతకం’ అన్న గడి దగ్గర నా కలం ప్రతి జూన్‌లోనూ ఆగుతుంది. తల్లులకు ‘తండ్రి పేరు’ అన్న గడి ఇంకా పెద్ద చిక్కు. వారికి తెలియవలసిన విషయం ఒకటుంది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక కేసులో 2022 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, తండ్రి మరణించాక బిడ్డకు సహజ సంరక్షకురాలైన తల్లికి ఆ బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని స్పష్టం చేసింది. అంతకుముందు 2015లో, పెళ్ళి కాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలుగా ఉండడానికి తండ్రి పేరు వెల్లడించనక్కరలేదని కూడా అదే న్యాయస్థానం చెప్పింది. గుమాస్తాగారు గడి ఖాళీగా ఉందని కాగితం వెనక్కి ఇస్తే తలవంచుకుని రానక్కరలేదు. ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్ళి మాట్లాడవచ్చు.

విడిపోయి, లేదా భర్త పోయి, పుట్టింటి ఊరికి చేరిన తల్లులకు టీసీ రాలేదన్న బెంగ ఉంటుంది. 2010 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, ఎనిమిదో తరగతి లోపు పిల్లవాణ్ణి మరో ప్రభుత్వ బడిలో చేర్చుకోవడానికి టీసీ ఆలస్యం కావడం అడ్డు కాకూడదు. ముందు బడిలో కూర్చోబెట్టండి, కాగితం తరువాత వస్తుంది. అలాగే భర్త చనిపోయిన, విడాకులైన, కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సహాయం పొందే అవకాశం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. దారి తెలియకపోతే పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులు వింటూ ఉంటే వారికి ఒక్క మనవి. ఒకసారి రాత్రి 9.40కి ఫోనులో సందేశం వచ్చింది, రేపు ప్రతి విద్యార్థీ ఆకుపచ్చ చార్టు తీసుకురావాలని. దుకాణాలు మూసేశారు. నేను బయటికి వెళితే నిద్రపోతున్న పిల్లల దగ్గర ఎవరూ లేరు. పాత క్యాలెండరు కాగితానికి అమ్మాయి చేత రాత్రి పది దాటాక ఆకుపచ్చ రంగు వేయించాను. మరునాడు బడికి వెళ్ళి, ఇలాంటివి రెండు రోజుల ముందు చెప్పండని మర్యాదగానే అడిగాను. తరగతి టీచరు విని, ‘మీరొక్కరే ఉన్నారని మాకు తెలియదండీ’ అన్నారు. నేను చెప్పలేదు, నిజమే. ఆ తరువాత సందేశాలు సాయంత్రం ఆరులోపే వస్తున్నాయి. దానితో ఇద్దరు పెద్దలున్న ఇళ్ళకూ మేలే జరిగింది.

ఈ యేడు వంటింటి గోడ మీద పాత కాగితం చింపేశాము. కొత్త టైంటేబుల్ ఇంకా చేతికి రాలేదు. గోళ్ళ బొమ్మ ఈసారి తానే వేస్తానని మా అబ్బాయి పట్టుబట్టాడు. వాళ్ళక్క ఇంకా ఒప్పుకోలేదు.

నమస్కారం, సెలవు.