తెర మీది గోదారి: నచ్చేదేంటి, నచ్చనిదేంటి

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: ఒక సినీ సమీక్షకుడు, ఒక కెమెరామన్, ఒక సౌండ్ ఇంజినీర్, థియేటర్ ప్రొజెక్షన్ ఆపరేటర్.)

వ్యాఖ్యాత: నమస్కారమండి. గోదారి ఒడ్డున తీసిన సినిమా అంటే మన జిల్లాల వాళ్ళకి ముందే ఒక ఆపేక్ష ఉంటుంది. ఇవాళ దాన్ని కాసేపు పక్కన పెడదాం. ఏ సినిమా గోదారిని సరిగ్గా పట్టుకుంది, ఏది పట్టుకోలేదు, అది ఎలా తెలుస్తుంది అన్నదే చర్చ. మాస్టారూ, మీతో మొదలెడదాం. గోదారి సినిమా బాగుందని మీరు దేన్నిబట్టి చెప్తారు?

సమీక్షకుడు: ముందు నీళ్ళ రంగు చూస్తానండి. కథ ఏ నెలలో జరుగుతోందో నీళ్ళే చెప్పెయ్యాలి. జులై, ఆగస్టుల్లో వరద నీరు ఎర్రగా, చిక్కగా వస్తుంది. కార్తీకం దాటేసరికి తేటపడుతుంది. ఎండాకాలంలో ఇసుక మేటలు బయటపడి నది పాయలు పాయలుగా కనిపిస్తుంది. సంక్రాంతి సీను వెనకాల ఎర్రనీళ్ళు పారుతుంటే ఆ సినిమా మీద నాకు నమ్మకం అక్కడే పోతుంది. పొలమూ అంతే. జనవరికి సార్వా, అంటే వానాకాలం పంట, కోతలైపోయి రెండో పంట దాళ్వా నాట్లు పడుతుంటాయి. అప్పుడు మోకాలెత్తు పైరు ఊగుతోందంటే అది వేరే నెలలో తీసిన షాటని ఇక్కడ పొలం మొహం చూసిన ఎవరైనా చెప్పేస్తారు.

కెమెరామన్: ఆర్టిస్టుల డేట్లు మన చేతిలో ఉండవు కదా మాస్టారూ. పండగ సీను ఆగస్టులోనే తియ్యాల్సి వస్తే ఏం చెయ్యమంటారు?

సమీక్షకుడు: తీసుకోండి, వద్దనను. ఫ్రేములో నదిని, పొలాన్ని పెట్టకండి అంతే. అరుగు మీద తియ్యండి, పెరట్లో తియ్యండి, కొబ్బరితోటలో తియ్యండి. కొబ్బరాకు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, అది మిమ్మల్ని పట్టివ్వదు.

వ్యాఖ్యాత: మీరు కెమెరా వెనక నిలబడేవారు, మీకు నచ్చనిదేంటి సార్?

కెమెరామన్: దిక్కులు తప్పడమండి. రాజమండ్రి నదికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. పుష్కర ఘాట్‌లో నిలబడి నీళ్ళవైపు చూస్తే పొద్దు గుంకడమే కనిపిస్తుంది. నీళ్ళ మీంచి సూర్యోదయం కావాలంటే కొవ్వూరు వెళ్ళాలి. కిందికొస్తే వశిష్ఠ పాయ మీద నరసాపురం పడమటి గట్టున ఉంది కాబట్టి అక్కడా నీళ్ళ మీద సూర్యోదయమే దొరుకుతుంది. చాలా యూనిట్లు పొద్దున్నే లేవలేక రాజమండ్రి ఘాట్‌లో సాయంత్రం తీసి, దాన్నే తెల్లవారుజాము కింద వాడేస్తాయి.

వ్యాఖ్యాత: ప్రేక్షకుడు దాన్ని ఎలా పట్టుకోవాలి?

కెమెరామన్: మూడు గుర్తులున్నాయండి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో నీళ్ళ మీద పొగమంచు ఉంటుంది, సాయంత్రం అది ఉండదు. పొద్దున్న గాలి తక్కువ, నీరు నిశ్చలంగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి తగిలి చిన్న చిన్న అలలు లేస్తాయి. మూడోది, షాట్‌ని వెనక్కి తిప్పి వాడితే పడవ వెనకాల ఉండాల్సిన నీటిచాలు ముందుకొస్తుంది. ఎంత దూరంలో ఉన్న పడవైనా సరే, ఆ ఒక్కటీ దాచలేరు.

సమీక్షకుడు: వంతెనలు కూడా చెప్పు బాబూ. మన దగ్గర కాలాన్ని పట్టిచ్చేవి అవే. హేవలాక్ వంతెన 1900 నుంచి ఉంది, 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారు. రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. వరసగా కమానులున్న ఆర్చ్ వంతెన 1997లో పూర్తయింది. కథ 1985లో జరుగుతుంటే వెనకాల ఆ కమానులు కనిపించకూడదు, హేవలాక్ మీద రైలు పోతుండాలి. కారు మోడలు, గోడ మీద క్యాలెండరు దగ్గర అంత జాగ్రత్తపడి, నది మధ్యలో నిలబడ్డ వంతెనని వదిలేస్తారేంటో!

వ్యాఖ్యాత: కొవ్వూరు దగ్గర కుమారదేవం చెట్టు సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

కెమెరామన్: ఆ నిద్రగన్నేరు కింద ఎన్ని పాటలు, ఎన్ని పంచాయితీలు తీశారో లెక్కలేదండి. 2024 ఆగస్టులో కూలిపోయింది. మన ప్రాంతానికి అది పెద్ద నష్టం. దాని కింద తియ్యడంలో ఒక చిక్కుండేది. నిద్రగన్నేరు సాయంత్రమయ్యేసరికి ఆకు ముడుచుకుంటుంది, బాగా మబ్బు పట్టినా ముడుస్తుంది. పొద్దున్న పదింటికి కింద దట్టమైన నీడ, సాయంత్రం ఐదు దాటాక అదే కొమ్మల్లోంచి ఆకాశం. రెండూ ఒకే సీనులో కలిపితే చెట్టు మారిపోయినట్టుంటుంది. పాత సినిమాలు చూసేటప్పుడు ఆ గొడుగు నిండుగా ఉందా, పల్చగా ఉందా చూడండి, ఏ పూట తీశారో తెలిసిపోతుంది.

సమీక్షకుడు: ఇంక డ్రోన్ గురించి నా మాట వినండి. నాకు గోదారి మీద డ్రోన్ షాటు ఇష్టం లేదు. పైనుంచి చూస్తే నీటికి కొలత ఉండదు. అది చెరువో, నదో, ఎంత వెడల్పో కంటికి అందదు. ఒడ్డున మనిషి ఎత్తులో కెమెరా పెట్టి అవతలి గట్టు చూపిస్తే వెడల్పు తెలుస్తుంది. పడవ ఫ్రేములో ఇటుమొదలు అటుచివరికి వెళ్ళేదాకా కట్ చెయ్యకపోతే ఇంకా తెలుస్తుంది.

కెమెరామన్: అందులో సగమే ఒప్పుకుంటానండి. లంకల మధ్య నది ఎలా చీలిందో, కోనసీమ కాలువలు ఎలా అల్లుకున్నాయో నేల మీంచి చూపించలేం. అక్కడ డ్రోన్ కావాలి. తప్పు వాడకంలో ఉంది. సెకనుకి 24 ఫ్రేములకి షట్టరు, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం, సెకనులో యాభయ్యో వంతు దగ్గర ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఎన్‌డీ ఫిల్టరు, అంటే వెలుగు తగ్గించే ముదురు అద్దం, వెయ్యకుండా ఎగరేస్తే షట్టరు వెయ్యో వంతుకి పోతుంది. అప్పుడు అలలు సాఫీగా కదలవు, గింజలు గింజలుగా ఎగురుతాయి. కొబ్బరి వరసల మీద గబగబా తిప్పినా అంతే, మానులు వణుకుతాయి. ఒక మాను తెర ఈ చివరనుంచి ఆ చివరకి రావడానికి ఏడు సెకన్లు పట్టేటట్టు తిప్పితే కన్ను హాయిగా చూస్తుంది.

సమీక్షకుడు: అంత ఓపికగా తిప్పితే నాకూ అభ్యంతరం లేదు.

వ్యాఖ్యాత: కొబ్బరితోటలో మొహాలు ఆకుపచ్చగా కనిపిస్తాయెందుకండి?

కెమెరామన్: గడ్డి మీద, అరిటాకుల మీద పడ్డ ఎండ పైకి కొట్టి గడ్డం కింద, చొక్కా మీద పచ్చదనం పూస్తుంది. తెల్ల పంచె కట్టిన మనిషి మీద ఇంకా బాగా కనిపిస్తుంది. నటుడి కాళ్ళ దగ్గర, ఫ్రేముకి కింద, తెల్ల గుడ్డ పరిస్తే సగం పోతుంది. ఇంకోటి, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా మొహం మీద పడుతుంది. ఒక కన్ను వెలుగులో, ఒకటి చీకట్లో. తలపైన పన్నెండడుగుల చదరం చట్రానికి పల్చటి తెల్ల బట్ట కట్టాలి. ఇవేవీ చెయ్యకుండా కలర్ గ్రేడింగ్‌లో పచ్చదనం లాగేస్తే మొహంతో పాటు తోట కూడా పాలిపోతుంది. సహజమైన వెలుగుని ఎలా మలచాలో చూడాలనుకునేవాళ్ళు ‘ముత్యాల ముగ్గు’ చూడాలి. 1975 సినిమా అది, ఇషాన్ ఆర్యాకి ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు వచ్చింది.

సమీక్షకుడు: నన్నడిగితే గోదారికి నలుపు తెలుపే ఎక్కువ న్యాయం చేసింది. 1964లో ఆదుర్తి సుబ్బారావు గారు తీసిన ‘మూగమనసులు’ చూడండి. రంగు లేదు కాబట్టి నీరు, ఆకాశం, ఇసుక మూడూ బూడిదరంగులో మూడు మెట్లుగా విడిపోవాలి. కెమెరాకి పసుపో, నారింజో ఫిల్టరు తగిలిస్తే ఆకాశం నల్లబడి మబ్బులు తేలతాయి. ఇప్పుడు రంగుని ఎంత పెంచుదామా అనే చూస్తున్నారు. ‘సితార’ నాకిష్టం, 1984 సినిమా. ఎడిటింగ్‌కి అనిల్ మల్నాడ్ గారికి, పాటకి జానకమ్మ గారికి జాతీయ అవార్డులు వచ్చాయి. ఎక్కడ కట్ చెయ్యాలో, ఎక్కడ ఊరుకోవాలో నేర్చుకోవాలంటే ఇప్పటికీ దాన్నే చూపిస్తాను.

వ్యాఖ్యాత: మేడమ్, చాలాసేపు ఊరుకున్నారు. శబ్దం సంగతి చెప్పండి.

సౌండ్ ఇంజినీర్: సగం గోదారి చెవిలోనే ఉందండి. నాకు చిరాకు తెప్పించేది ఎకో. నది ఒడ్డున ఇద్దరు మాట్లాడుకుంటుంటే గొంతుకి రివర్బ్, అంటే గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని, కలుపుతారు. ఆరుబయట గోడలేవండి, శబ్దం తిరిగి రావడానికి? అక్కడ గొంతు పొడిగా, తేలిగ్గా ఉండాలి. దూరంగా ఉన్న మనిషి గొంతులో ముందు తగ్గేది బరువు, పలుచనవుతుంది. డబ్బింగ్ థియేటర్లో మైకుకి అరడుగు దూరంలో చెప్పిన మాటని, ముప్ఫై అడుగుల దూరంలో పడవ మీదున్న మనిషికి అంటిస్తే ఎంత బాగా నటించినా నమ్మబుద్ధి కాదు. మైకుకి మూడు, నాలుగడుగులు వెనక్కి జరిగి, గొంతెత్తి పిలిచినట్టు చెప్పించాలి.

సమీక్షకుడు: అమ్మా, నేను డబ్బింగ్ పక్షం. మాట శుభ్రంగా వినపడాలి. పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, ఇంజిను చప్పుడులో సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే మాట రికార్డు చెయ్యడం, పెట్టుకుంటే సగం మాటలు నీళ్ళపాలు.

సౌండ్ ఇంజినీర్: పంటు మీద నేనూ డబ్బింగే అంటాను మాస్టారూ. అరుగు మీద, వంటింట్లో మాత్రం సింక్ సౌండే కావాలి. మన గోదావరి యాసలో మాట చివర సాగదీత, ఊపిరి, మధ్యలో ఆగడం ఉంటాయి. రెండు నెలల తర్వాత స్టూడియోలో చెప్తే అవి రావు. ఒకే మనిషి ఒక షాట్‌లో ‘చేత్తన్నాను’ అని, తర్వాతి షాట్‌లో ‘చేస్తున్నాను’ అంటాడు. లొకేషన్‌లో చెయ్యాల్సిన పని చిన్నది. షాటయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి, అదే చోట ఒక నిమిషం ఉత్త చప్పుడు రికార్డు చేసుకోవాలి. ఆ నిమిషం లేకపోతే మాటకి మాటకి మధ్య శూన్యం వినిపిస్తుంది, ఎడిటర్ ఎక్కడిదో లైబ్రరీ శబ్దం తెచ్చి అతికిస్తాడు.

వ్యాఖ్యాత: అలా అతికించిన చప్పుడు మనకి తెలుస్తుందా?

సౌండ్ ఇంజినీర్: తెలుస్తుందండి. కప్పల బెకబెకలు వానాకాలానివి. పొలం ఎండిన ఏప్రిల్ సీనులో అవి వినిపిస్తే అతికించినవే. కొబ్బరాకులతో ఇంకో తంటా. గట్టిగాలికి ఆకులు ఒరుసుకుంటే మైకులో అచ్చం వాన పడుతున్నట్టే వినిపిస్తుంది. తెర మీద ఎండ, చెవిలో వాన. దాన్ని తర్వాత తియ్యలేం. గాలి ఆగేదాకా ఆగాలి, లేదా ఫ్రేములో ఊగే కొబ్బరాకుని ముందే చూపించెయ్యాలి. కంటికి కారణం కనిపిస్తే చెవి ఒప్పుకుంటుంది. మిక్సింగ్ వినాలంటే 2018లో వచ్చిన ‘రంగస్థలం’ వినండి. కథానాయకుడికి చెవి సరిగా వినపడదు కాబట్టి అతనికి వినపడేది, మిగతావాళ్ళకి వినపడేది వేరు. ఫైనల్ మిక్సింగ్‌కి ఎం.ఆర్. రాజాకృష్ణన్‌కి జాతీయ అవార్డు వచ్చింది.

వ్యాఖ్యాత: బాబాయ్ గారూ, ఇంత కష్టపడి తీసింది మీ హాల్లో అలాగే కనిపిస్తుందా?

ఆపరేటర్: ఆయ్, కనిపించాలండి. కనిపించకపోతే తప్పు మా బూత్‌దే. తెర మధ్యలో వెలుగు 14 ఫుట్ లాంబర్టులు ఉండాలి, తెర వెలుగుని కొలిచే లెక్క అది. ప్రొజెక్టర్లో ఉండే జెనాన్ లాంపు పాతబడేకొద్దీ వెలుగు తగ్గిపోతుంది. గంటల లెక్క అయిపోయినా మార్చకపోతే, పొద్దు గుంకాక తీసిన గోదారి సీనంతా బురదగా కనిపిస్తుంది. త్రీడీ సినిమా ఆడాక ఆ ఫిల్టరు తియ్యకుండా మామూలు సినిమా వేసినా అంతే, సగం కన్నా ఎక్కువ వెలుగు అదే మింగేస్తుంది. తెల్లటి దృశ్యం వచ్చినప్పుడు మధ్యలో, మూలల్లో వెలుగు ఒకేలా ఉందో లేదో చూడండి. మూలలు బాగా చీకటిగా ఉంటే లాంపుని సరిగ్గా సర్దలేదన్నమాట.

కెమెరామన్: ఫ్రేము కొలత కూడా చెప్పండి బాబాయ్. మేం అవతలి గట్టు దాకా చూపించింది స్కోప్‌లోనే కదా.

ఆపరేటర్: స్కోప్ అంటే బాగా వెడల్పు బొమ్మ, ఎత్తు 1 అయితే వెడల్పు 2.39. ఫ్లాట్ అంటే వెడల్పు 1.85. స్కోప్ తెర మీద స్కోప్ సినిమాని ప్రొజెక్టర్లో ఫ్లాట్‌కి ముందే పెట్టుకున్న సెట్టింగులో వేస్తే బొమ్మ చిన్నదై నాలుగు పక్కలా నలుపు మిగులుతుంది. ఒక్క బటన్ పని అది. ఎవరో ఒకరు బయటికొచ్చి చెప్తే నిమిషంలో సరిచేస్తాం. సీటు అడిగితే వెనక గోడనుంచి మూడో వంతు ముందుకొచ్చి, వరసకి నడిమధ్యలో కూర్చోండి. గోడకి ఆనుకుని ఉన్న ఆఖరి వరసలో సరౌండ్ స్పీకర్లు చెవిలోనే ఉంటాయి, మాట కిందపడిపోతుంది.

వ్యాఖ్యాత: మాటలు వినపడట్లేదనే ఫిర్యాదే మాకు ఎక్కువ వస్తుంది. దానికి కారణం?

ఆపరేటర్: ఫేడరండి, హాల్లో శబ్దం పెంచే, తగ్గించే మీట. సినిమా మిక్స్ చేసేటప్పుడు అది ఏడు మీద ఉంటుంది. ముందు వచ్చే ట్రైలర్లు, ప్రకటనలు మోత మోగిస్తాయి, జనం గోల పెడతారు, దాంతో ఐదుకో, నాలుగున్నరకో దించుతారు. సినిమా మొదలయ్యాక మళ్ళీ పెంచడం మర్చిపోతారు. ఫైట్లు బాగానే వినిపిస్తాయి, గుసగుసలు, నీళ్ళ చప్పుడు పోతాయి. ఇంటర్వెల్ దాకా ఆగొద్దండి. మొదటి పది నిమిషాల్లోనే గేటు దగ్గరున్న అబ్బాయికి ‘ఫేడర్ పెంచమను’ అని ఆ మాటే చెప్పండి. ‘సౌండ్ బాలేదు’ అని చెప్తే వాడు ఏసీ చప్పుడనుకుని వెళ్ళిపోతాడు.