ఫోన్-ఇన్: మాచా టీలో యాంటీఆక్సిడెంట్లు – మీ సందేహాలు

యాంకర్: నమస్కారం. ఈరోజు మాచా గురించి, అంటే జపాన్‌లో గ్రీన్ టీ ఆకుని మెత్తగా విసిరి చేసే పొడి గురించి మాట్లాడుకుందాం. డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (తెనాలి): హలో... వినబడుతోందాండీ?

డాక్టర్: వినబడుతోందమ్మా. టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: ఆఁ, తగ్గించానండి. మా అల్లుడికి ఒసాకాలో ఉద్యోగమండి. మొన్న అమ్మాయి వస్తూ మాచా పొడి తెచ్చింది, చిన్న డబ్బా. గోరింటాకు పొడిలా ఉంది. గిలకొట్టడానికి వెదురు కవ్వం కూడా ఇచ్చింది. మామూలు గ్రీన్ టీ కంటే దీంట్లో యాంటీఆక్సిడెంట్లు 137 రెట్లు ఎక్కువంట కదండీ? మా వదిన వాట్సాప్‌లో పెట్టింది.

డాక్టర్: ఆ 137 సంగతి చెప్తానమ్మా. 2003లో అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్ష చేశారు. గ్రీన్ టీలో ఉండే ఈజీసీజీ అనే ఒక్క యాంటీఆక్సిడెంట్‌ని, ఒకే ఒక్క రకం చైనా గ్రీన్ టీతో పోల్చి చూస్తే వచ్చిన అంకె అది. వేరే గ్రీన్ టీల గురించి అప్పటిదాకా వచ్చిన లెక్కల్లో అన్నిటికన్నా పెద్దదానితో పోలిస్తే మాచాలో కనీసం మూడు రెట్లు అని వాళ్లే రాశారు. వాట్సాప్‌లో 137 మిగిలింది, మూడు పోయింది.

కాలర్: అంటే మంచిది కాదంటారా?

డాక్టర్: మంచిదేనమ్మా! జపాన్‌లో ఉజి, నిషియో అని పేరున్న ఊళ్లున్నాయి. కోతకి మూడు నాలుగు వారాల ముందు తోట మీద పందిరి కప్పేస్తారు. ఆ పచ్చదనం అలా వస్తుంది. ఎండ తగ్గితే టీకి కమ్మటి రుచినిచ్చే థియనైన్ పెరుగుతుంది, కాటెకిన్లు, అంటే మీరడిగిన యాంటీఆక్సిడెంట్లు, కాస్త తగ్గుతాయి కూడా. ఈజీసీజీ వాటిలో ఒకటి. అయినా మాచాలో ఎక్కువెందుకు అందుతాయి? ఆకుని రాతి తిరగలిలో విసిరి, ఆ పొడంతా తాగేస్తాం కాబట్టి. తోటకూర ఉడికించి నీళ్లు తాగడం వేరు, కూర తినడం వేరు కదా.

కాలర్: అవునండి. అయితే 137 రెట్లు లేనట్టేనా?

డాక్టర్: అమ్మా, ఇప్పుడేగా చెప్పాను. ఆ అంకె వదిలేయండి. అసలు ఎప్పుడు తాగుతున్నారు?

కాలర్: మధ్యాహ్నం అన్నం తినగానే అండీ. అరుగుతుందని.

డాక్టర్: మందులేమైనా వాడుతున్నారా?

కాలర్: రక్తం తక్కువుందని ఐరన్ మాత్ర ఇచ్చారండి. హిమోగ్లోబిన్ 9. ఆ మాత్ర కూడా ఈ టీతోనే మింగేస్తున్నాను, నీళ్లకి మళ్లీ లేవడం ఎందుకని.

డాక్టర్: అయ్యో తల్లీ! ముందు ఇది చెప్పాలి కదా. మీరు మేలంటున్న ఆ కాటెకిన్లే ఇనుముని పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు. మాత్రలోదే కాదు, పప్పులో, గోంగూరలో ఉన్నది కూడా. ఇలా ఎన్నాళ్ల నుంచి?

కాలర్: రెండు నెలలండి. మాత్ర పనిచేయట్లేదని అనుకుంటున్నా.

డాక్టర్: పనిచేయనిస్తేగా! ఈరోజు నుంచి మాత్ర నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. టీకి, మాత్రకి కనీసం రెండు గంటల తేడా ఉండాలి. భోజనంతో టీ వద్దు. నెల తర్వాత రక్తం మళ్లీ పరీక్ష చేయించి మీ డాక్టర్‌కి చూపించండి. రక్తం ఎందుకు తగ్గిందో కూడా అడగండి, వదిలేయకండి. సరేనా అమ్మా?

కాలర్: సరేనండి. మరి ఆ పొడి పారేయనా?

డాక్టర్: వద్దమ్మా, సాయంత్రం నాలుగింటికి తాగండి, చిన్న చెంచాడు. డబ్బా ఎక్కడ పెట్టారు?

కాలర్: పొయ్యి పక్క అలమరలోనండి. రంగు కాస్త ఎండుగడ్డిలా అవుతోంది.

డాక్టర్: వేడికి, వెలుతురుకి పాడవుతుంది. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మరిగే నీళ్లు పోయకండి, కాస్త చల్లారనివ్వండి.

యాంకర్: ధన్యవాదాలమ్మా. నిజామాబాద్ నుంచి...

కాలర్ (నిజామాబాద్): నమస్తే సార్. ఇది తాగితే పొట్ట తగ్గుతదా? గ్రీన్ టీ గోలీలు గూడ తెచ్చిన.

డాక్టర్: గోలీలు ఆపేయండి బాబూ. టీ వేరు, గోలీ వేరు. రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆ పైన ఈజీసీజీ గోలీల రూపంలో తీసుకుంటే లివర్ దెబ్బతింటోందని సూచించే ఎంజైములు రక్తంలో పెరగొచ్చని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. టీ వల్ల బరువు తగ్గేది చాలా స్వల్పం.

కాలర్: మరి పొద్దున పరగడుపున...

యాంకర్: లైన్ కట్ అయింది. విజయవాడ నుంచి.

కాలర్ (విజయవాడ): మా నాన్నగారికి గుండె వాల్వ్ మార్చారండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నారు. మాచా ఇవ్వొచ్చా?

డాక్టర్: మీ గుండె డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకండి. ఆకు మొత్తం లోపలికి పోతుంది, అందులో రక్తం గడ్డకట్టడానికి సాయపడే విటమిన్ కె ఉంటుంది. ఆ మందు బలం తగ్గొచ్చు. ఇప్పటికే తాగుతున్నారా?

కాలర్: ఇంకా లేదండి.

డాక్టర్: మంచిది. అడిగాకే.

యాంకర్: చివరి కాల్, విశాఖ.

కాలర్ (విశాఖ): మా కోడలికి ఐదో నెలండి. రోజూ రెండు కప్పులు తాగుతోంది. పర్లేదా?

డాక్టర్: మాచాలో కెఫీన్ ఉంటుందమ్మా. రెండు గ్రాముల పొడి వేస్తే కప్పుకి ఇంచుమించు 60, 70 మిల్లీగ్రాములు, పొడిని బట్టి మారుతుంది. గర్భిణికి రోజు మొత్తం మీద 200 దాటకూడదు. కాఫీ కూడా తాగుతోందా?

కాలర్: పొద్దున్నే ఫిల్టర్ కాఫీ అలవాటండి.

డాక్టర్: అయితే మాచా ఒక్క కప్పు చాలు. ఐరన్ మాత్రలు ఇస్తారు కదా ఇప్పుడు, వాటికి దగ్గర్లో వద్దు. భోజనంతో అసలు వద్దు. తెనాలి అమ్మగారికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

యాంకర్: సమయం అయిపోయింది. ధన్యవాదాలు డాక్టర్ గారూ.