హార్మణీ చేతికి రెండో వరుస

శ్రోతలకు నమస్కారం.

కోనసీమ ఊళ్ళలో భజన మందిరాలలోనూ, చర్చిలలోనూ కీబోర్డు వాయించేవారిలో నాలాగే హార్మణీ మీద వేళ్ళు తిప్పడం నేర్చుకున్నవారు చాలామంది ఉన్నారు. హార్మణీలో కుడి చెయ్యి మెట్ల మీద ఉంటే, ఎడమ చెయ్యి తిత్తి ఆడించడానికే సరిపోతుంది కనుక, కీబోర్డు ముందు కూర్చున్ననాడు ఆ ఎడమ చేతికి ఏ పనీ తెలియదు. ఒక వరుస మీద మరొక వరుస చేర్చుతూ రికార్డు చేసే పద్ధతిలో ఈ లోటు తెలియకుండా పోతుంది. పాట వరుసను కుడి చేత్తో ఒక ట్రాకులో వాయించి, దానిని హెడ్‌ఫోన్‌లో వింటూ, మంద్ర స్వరాలను అదే కుడి చేత్తో మరొక ట్రాకులో వాయించవచ్చు.

1948లో లెస్ పాల్ అనే అమెరికన్ కళాకారుడు ఒక్కడే ఎనిమిది గిటారు వరుసలు పేర్చిన రికార్డును విడుదల చేశాడు. ఆయన ఒక డిస్కు నుండి మరొక డిస్కుకు నకలు తీస్తూ కొత్త వరుసను చేర్చేవాడు కాబట్టి, ప్రతి నకలుకూ పాత వరుస కొంత మసకబారేది. మనకు ఆ బాధ లేదు. బహుశా అందుకే అవసరానికి మించి పేరుస్తున్నాము.

నాకు మొదట ఎదురైన చిక్కు లయలో వచ్చింది. హార్మణీ వాయించేవాడు గాయకుని వెంట నడుస్తాడు. ఆయన సాగదీస్తే సాగుతాడు, ఆగితే ఆగుతాడు. ఆ అలవాటుతో, లయ తప్పకుండా చెవిలో టిక్‌టిక్‌మని వినిపించే క్లిక్ పెట్టుకోకుండా మొదటి ట్రాకు వాయించాను. రెండవ ట్రాకు వాయించేటప్పుడు, నేను ఎక్కడ ఆగానో నాకే గుర్తు లేదు. మొత్తం చెరిపివేసి, నిమిషానికి 80 దెబ్బల క్లిక్ పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది.

తరువాతి చిక్కు స్వరాలది. మోహన రాగంలో మధ్యమమూ నిషాదమూ లేవు. స్వరాలు కలిపి నొక్కే కార్డులలో స-గ-ప, ద-స-గ ఆ రాగంలో చక్కగా ఇముడుతాయి. పంచమం మీద కార్డు పూర్తిగా నొక్కితే మాత్రం నిషాదం దొంగతనంగా చొరబడుతుంది. అక్కడ ప-రి అని రెండు స్వరాలతో సరిపెట్టుకోవడమే నాకు నచ్చిన మార్గం. మంద్రస్థాయిలో స-గ కలిపి నొక్కితే ధ్వని బురదనీళ్ళలా కలగాపులగమవుతుంది. అదే స-ప అయితే తేటగా నిలుస్తుంది.

స్ట్రింగ్స్ అనే, వయొలిన్ల బృందంలా పలికే కీబోర్డు ధ్వని విషయంలో మరొక జాగ్రత్త ఉంది. ఆ ధ్వని మెల్లగా లేచి నిండుతుంది కనుక, క్లిక్‌కు సరిగ్గా నొక్కినా వెనుకబడినట్లే వినిపిస్తుంది. వెంట్రుకవాసి ముందుగా నొక్కాలి.

ఇప్పుడు మోహనలో ఒక చిన్న వరుసను వినిపిస్తాను. ముందు పాట వరుస ఒక్కటే వస్తుంది, తరువాత దాని కింద మంద్ర స్వరాలు చేరుతాయి, చివరకు స్ట్రింగ్స్. నాలుగవ ట్రాకు కూడా వాయించాను కానీ, దానిని మూసివేసి ఉంచాను.