నౌకరి విడిచే ముందు రెండేళ్లు

సభకు నమస్కారం.

ఉద్యోగం వదిలి కళను నమ్ముకున్న వ్యక్తి అని ఇప్పుడే నన్ను పరిచయం చేశారు. వినడానికి బాగానే ఉంది గాని అందులో నిజం సగమే ఉంది కనుక, మిగిలిన సగం చెప్పడానికే నాకిచ్చిన సమయాన్ని వాడుకుంటాను. హనుమకొండలో ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ వసూళ్ల విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు చేర్యాల పద్ధతిలో, గుడ్డ మీద కథను బొమ్మలుగా చూపే పటాలు గీసి, అమ్ముకుని బతుకుతున్నాను. ఈ రెండింటి నడుమ, జీతం తీసుకుంటూనే కుంచె పట్టడం నేర్చుకున్న రెండేళ్ల కాలం ఒకటుంది. మానేసిన రోజు గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, ఆ రెండేళ్ల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మొదట ఆ ఉద్యోగం ఎలాంటిదో చెప్పాలి. ఉదయం తొమ్మిదింటికి మీటింగు. అందులో ఎవరి కిస్తు ఎన్ని నెలలుగా రాలేదో పేర్లు చదివి వినిపించేవారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని పరకాల వైపో నర్సంపేట వైపో బండి మీద వెళ్లేవాడిని. పత్తి చేనులో మందు కొడుతున్న మనిషిని గట్టు మీదికి పిలిచి, ఆయన భార్య ముందు, ఎదిగిన పిల్లల ముందు పైసలు అడగాలి. వాళ్లు నన్ను తిట్టింది తక్కువ. చెంబుతో నీళ్లు ఇచ్చి, వాకిట్లో కుర్చీ వేసి, తలవంచుకుని నిలబడేవారు. తిట్టి ఉంటే ఈ పని ఇంకా కొన్నేళ్లు చేయగలిగేవాడినేమో. జీతం మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

ఇలాంటి సభల్లో మలుపు తిప్పిన సంఘటన ఒకటి చెప్పమంటారు. నా దగ్గర అలాంటిది లేదు. ఒక ఆదివారం ఏ పనీ లేక జనగామ మీదుగా చేర్యాల పోయే బస్సు ఎక్కాను. 2016లో జిల్లాలను విడదీసేదాకా చేర్యాల మన వరంగల్ జిల్లాలోనిదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడ ఈ పటాలు గీసే ఒక నకాషీ చిత్రకారుల ఇంటి అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా చూశాను. తరువాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. మూడో ఆదివారం ఆ ఇంటి పెద్దాయన, "ఊకె సూసుడేనా, ఈ గింజలు రుబ్బుతవా?" అని నా ముందు చింతగింజల గిన్నె పెట్టారు. నా కళా జీవితం రుబ్బురోలు దగ్గర మొదలైంది.

ఆ గింజల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కళ అంటే బొమ్మ గీయడమేనని అనుకుని ఉద్యోగం వదిలేవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు. చింతగింజలను రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నటి మంట మీద అడుగంటకుండా కలుపుతూ అంబలిలా కాచాలి. ఆ అంబలిలో సుద్దమట్టి, గంజి, చెట్టు జిగురు కలిపి ఖద్దరు గుడ్డకు పూయాలి. ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతే రెండోది, అదీ ఆరాక మూడోది. పూత పలుచనైతే రంగు గుడ్డలోకి ఇంకిపోతుంది, మందమైతే పటాన్ని చుట్టినప్పుడు పగులుతుంది. వేసవిలో అంబలి ఒకటి రెండు రోజులకే పులిసి వాసన కొడుతుంది, ముసురు పట్టినప్పుడు పూత ఆరనే ఆరదు. మొదటి నాలుగు నెలలు నేను బొమ్మ గీయలేదు. గుడ్డ తయారు చేయడం, పాడు చేయడం, మళ్లీ తయారు చేయడం, ఇంతే. ఆ నాలుగు నెలలు జీతం లేకుండా గడిచి ఉంటే, ఐదో నెలలో ఏదో ఒక కంపెనీకి దరఖాస్తు రాసుకునేవాడిని.

అప్పట్లో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. మొదటి ఆరు నెలల్లో ఇరవై ఆరు ఆదివారాలు ఉంటే, నేను చేర్యాల వెళ్లింది పదిహేడు. పోగొట్టుకున్న తొమ్మిదిలో నాలుగు నెలాఖరు వసూళ్లకు, రెండు పెండ్లిళ్లకు పోయాయి. మిగిలిన మూడు ఆదివారాలు ఏ కారణమూ లేకుండా పడుకున్నాను. ఆ మూడు అనే అంకెను ఎదురుగా పెట్టుకుని చాలాసేపు ఆలోచించవలసి వచ్చింది. ఉద్యోగమే నన్ను ఆపుతోందని అప్పటిదాకా స్నేహితులతో చెప్పుకునేవాడిని గాని, ఆ మూడు రోజులు నన్ను ఆపింది ఉద్యోగం కాదు. ఇక్కడ ఉన్న యువకుల్లో కొందరు సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తున్నవారు ఉన్నారు, ఇంటి నుంచే పని చేస్తూ విసిగిపోయినవారు ఉన్నారు. మేనేజరు మీద కోపం, పని వేళల మీద కోపం ఉంటే వేరే కంపెనీకి మారినా తీరుతుంది. మీకు రాయడమో, పాడటమో, కెమెరా పట్టడమో కావాలనిపిస్తే, మీ సెలవు రోజులు దేనికి పోతున్నాయో ఆరు నెలలు రాసి చూసుకోండి. ఆ నోటుబుక్కు ఎవరికీ చూపించనక్కర లేదు.

మన ప్రాంతంలో పెద్ద పని చేసినవారిని తలుచుకున్నా ఇదే కనిపిస్తుంది. బమ్మెర పోతన వ్యవసాయం చేసుకుంటూనే కావ్యం రాశాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. తెలంగాణ పల్లె మనుషులను, పండుగలను బొమ్మల్లో నిలిపిన కాపు రాజయ్య సిద్దిపేటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన సామల సదాశివ బడిపంతులుగా బతికి, హిందుస్తానీ సంగీతం గురించి తెలుగులో రాసిన వ్యాసాలకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. బడి గంటలు పోగా మిగిలిన కాలంలో వాళ్లు ఎంత చేశారో చూస్తే, వసూళ్ల కాగితాన్ని సాకుగా చూపించడానికి నాకు సిగ్గనిపించింది. అందుకని ఎవరూ ఉద్యోగం మానకూడదని నేననడం లేదు; నేనే మానేశాను కదా. మాస్టారి ఉద్యోగం సాయంత్రాన్ని మిగులుస్తుంది, వసూళ్ల ఉద్యోగం సాయంత్రాన్ని కూడా తినేస్తుంది. ఏ ఉద్యోగం మీకు ఏ మేరకు మనసు మిగులుస్తోందన్నదే అసలు లెక్క.

నకాషీ కుటుంబాల దగ్గర కూర్చున్నప్పుడు ఇంకొక సంగతి అర్థమైంది. అభిరుచిని అనుసరించడం అనే మాట వాళ్ల ఇండ్లలో వినపడదు. ఒకప్పుడు వాళ్లకు పటం గీయమని చెప్పేది కథ చెప్పే కులాలవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారికి ఒక పటం, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివారికి ఒకటి, గొల్లలకు కథ చెప్పే మందహెచ్చులవారికి ఒకటి. ఎర్రటి నేల రంగు మీద వరుసలు వరుసలుగా కథ నడిచే పటం పదుల అడుగుల పొడవు ఉండేది, కథకుడు రాత్రంతా దాన్ని విప్పుతూ పాడేవాడు. సినిమా, ఆ తరువాత టీవీ ఊళ్లలోకి వచ్చి కథలు వినేవాళ్లు తగ్గిపోయాక ఆ గిరాకీ పోయింది. అప్పుడు ఆ కుటుంబాలు పటాన్ని చిన్నది చేసి ఫ్రేములో పెట్టాయి. చెక్కపొట్టులో చింతగింజల జిగురు కలిపి చేసే ముఖాల బొమ్మలను డ్రాయింగు రూముల గోడలకు అమ్మడం నేర్చుకున్నాయి. అందుకే, ఆ ఇంట్లో నేర్చుకున్నవాడినేగాని ఆ ఇంటివాడిని కాననే మాటను నా ప్రతి పటం వెనుక రాస్తాను. కొనేవాళ్లలో కొందరికి అది నచ్చదు, ధర తగ్గించమంటారు. తగ్గిస్తాను.

ఇక ఇంటి సంగతి. మా బాపు మిరపకాయల అడ్తి దుకాణంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లు చిట్టా రాసిన మనిషి. 1934లో మొదలైన ఆజం జాహీ బట్టల మిల్లులాంటిది కూడా మూతపడటం చూసిన ఊరు మన వరంగల్. ఆ తరం వాళ్లు నౌకరిని ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటారో ఆ మిల్లు గోడల పక్కనుంచి నడిస్తే తెలుస్తుంది. నేను మాట ఎత్తగానే ఆయన కోపగించుకోలేదు. "ఇడిసిపెడ్తె ఇడిసిపెట్టు బిడ్డా, గని నెల మొదటి తారీకు బియ్యం ఎట్ల వస్తయో రాసి సూపియ్యి" అన్నారు. రాసి చూపించాను. ఇంటి ఖర్చు నెలకు 24,000, ప్రైవేటు బడిలో పనిచేసే నా భార్య జీతం 14,000, లోటు 10,000. పద్దెనిమిది నెలలు ఏమీ సంపాదించకపోయినా నడవాలంటే 1,80,000 చేతిలో ఉండాలి, కాబట్టి నెలకు 7,500 చొప్పున రెండేళ్లు దాచాలి. ఆయన కండ్లద్దాలు పెట్టుకుని కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఇండ్ల మా మందులేవి?" అన్నారు. నిజమే, రాయలేదు. బాపు షుగరు మందులు అప్పటిదాకా కంపెనీ ఇచ్చిన బీమా ధైర్యం మీద నడుస్తున్నాయి. నేను మానేసిన రోజున ఆ బీమా కూడా పోతుంది. సొంతంగా పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం పెట్టే వీలు బీమా కంపెనీలకు ఉంది. అందుకని మానేయడానికి ఏడాదిన్నర ముందే అమ్మా బాపుల పేరున వేరే పాలసీ తీసుకున్నాను. ఈ ప్రసంగంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

నా భార్య అడిగింది ఒకటే ప్రశ్న: "మానేసినంక ఇంట్ల కూసుంటవా, పని చేస్తవా?" నా ధైర్యంలో సగానికి పైగా ఆమె జీతమే ఉంది. సభల్లో నన్ను సాహసి అంటున్నప్పుడు ఆమె వెనుక వరుసలో కూర్చుని నవ్వుకుంటూ ఉంటుంది.

చట్టం గురించి రెండు మాటలు చెప్పాలి. నేను మానేసేటప్పుడు చాలామంది తోటి ఉద్యోగులకు ఇది తెలియదు. అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం (2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది), ఐదేళ్లు ఎడతెగకుండా పనిచేసి రాజీనామా చేసినవారికి కూడా గ్రాట్యుటీ, అంటే పనిచేసిన ఏళ్లను బట్టి కంపెనీ ఒకేసారి ఇచ్చే మొత్తం, వచ్చేది. చివరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తాన్ని ఇరవై ఆరుతో భాగించి, పదిహేనుతోనూ పనిచేసిన ఏళ్లతోనూ గుణించేవారు. నా మూలవేతనం 15,600, విడిగా కరువు భత్యం లేదు. కాబట్టి ఏడాదికి 9,000 చొప్పున తొమ్మిదేళ్లకు 81,000 రావాలి. ముప్పై రోజుల్లో ఇవ్వాలని, దాటితే వడ్డీ కట్టాలని ఆ చట్టం చెప్పేది. మా కంపెనీ నాలుగు నెలలు తిప్పింది. చివరికి దరఖాస్తు ఫారంతో పాటు, కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్తానని ఒక వాక్యం రాసి రిజిస్టర్డు పోస్టులో పంపాను, వారంలో డబ్బు పడింది. తొమ్మిదేళ్లు ఇతరుల దగ్గర బాకీ వసూలు చేసినవాడికి ఆ వాక్యం రాయడం కష్టమేమీ కాలేదు.

ప్రభుత్వ పథకాల మీద మాత్రం లెక్క వేసుకోకండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులు ఉన్నాయి, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల దాకా రుణం ఇస్తారు. పడవలు చేసేవారు ఉన్నారు, తాళాలు చేసేవారు ఉన్నారు, సంప్రదాయ బొమ్మలు చేసేవారూ ఉన్నారు. పటం గీసేవాడి పేరు ఆ జాబితాలో లేదు. వెతికి వెతికి చివరికి నవ్వుకున్నాను.

మానేసిన తరువాత ఏమైందో కూడా దాచకుండా చెప్పాలి. అడుగున్నర పటం ఒకటి గీయడానికి ఐదు రోజులు పడుతుంది, 3,500కు అమ్ముడుపోతే దుకాణం వాటా పోను నాకు 2,400 మిగులుతుంది. అదీ అమ్మకానికి పెట్టిన రోజున కాదు, అమ్ముడుపోయిన తరువాత ఎప్పుడో వస్తుంది. మొదటి ఏడాది నెలకు సగటున ఆరేడు వేలు వచ్చాయి. ఇప్పుడు నయం గాని, ఈనాటికీ నా ఆదాయం ఆ జీతాన్ని దాటలేదు. పెండ్లివారు వచ్చి రిటర్న్ గిఫ్టులకు రెండు వందల కీచైన్లు కావాలంటారు. అవే కండ్లు, అవే మీసాలు రెండు వందల సార్లు దిద్దుతూ కూర్చున్నప్పుడు, ఇదీ ఉద్యోగమే కదా అని మనసులో అనుకున్న రోజులున్నాయి. ప్యాకింగు, కొరియరు, రాత్రి పదకొండింటికి వాట్సాపులో ధర అడిగి జవాబివ్వని మనుషులు. వీటిని కళ అనలేం. ఒక్కోసారి నెలాఖరున బాకీ కోసం దుకాణంవారికి ఫోను చేస్తున్నప్పుడు నా గొంతులో ఆ పాత వసూళ్ల గొంతే వినబడుతుంది.

అయినా తిరిగి వెళ్లాలని అనిపించలేదు. ఎందుకని అడిగితే గొప్ప కారణం చెప్పలేను. ఉదయం అంబలి కాచేటప్పుడు దాని చిక్కదనం గరిటెకు తగిలిన తీరును బట్టి ఈ రోజు పూత ఎలా వస్తుందో చేతికి తెలుస్తుంది. అలా తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆ తెలివిడి మూడో ఏట మరికొంత పెరిగింది. కిస్తుల కాగితం పట్టుకుని తిరిగిన తొమ్మిదేళ్లలో చేతికి అలా తెలిసివచ్చింది ఏమీ లేదు.

ఈ బల్ల మీద మూడు గుడ్డ ముక్కలు పెట్టాను. ఒకదానికి ఒక్క పూతే ఉంది, మూడోదానికి మూడు పూతలు సరిగ్గా కుదిరాయి. మధ్యలోది నేను మొదటి ఆషాఢంలో, ముసురులో తొందరపడి పూసింది. వెళ్లేటప్పుడు దాన్ని ఒకసారి చుట్టి విప్పి, వేలితో తడిమి చూడండి.