ఉమ్మడి సైన్యం, అరువు విమానాలు

(బెంగళూరులో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రంగూన్‌ని మన పెద్దవాళ్ళు రంగం అనేవారు. కోస్తా నుంచి ఓడెక్కి కూలికీ వ్యాపారానికీ రంగం వెళ్ళినవాళ్ళ మనవళ్ళు ఈ హాల్లోనూ ఉండే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రంగం 1942 మార్చి 8న జపాన్ వశమైంది, 1945 మే 3న తిరిగి చిక్కింది. బర్మా యుద్ధం అనగానే 1944లో నాగా కొండల్లో పోరు సాగిన కొహిమా టెన్నిస్ కోర్టు దగ్గరే కథ ఆపేస్తాం. ఇవాళ దాన్ని పక్కనపెట్టి బస్తాలు, మాత్రలు, ఇనప చట్రాల సంగతి చూద్దాం.

జనరల్ స్లిమ్ పద్నాలుగో సైన్యంలో ఎక్కువమంది భారతీయులు. వాళ్ళతోపాటు బ్రిటిష్‌వాళ్ళు, గూర్ఖాలు, తూర్పు, పశ్చిమ ఆఫ్రికా దళాలు. ఉత్తరాన అమెరికన్లు, రామ్‌గఢ్‌లో తర్ఫీదైన చైనా సైనికులు. ఉమ్మడి కాపురం అన్నమాట, పొయ్యిలు మాత్రం వేరు. పంజాబీకి గోధుమపిండి, మద్రాసు సిపాయికి బియ్యం, ఆఫ్రికన్‌కి మొక్కజొన్న పిండి. ఒకరికి గొడ్డుమాంసం పనికిరాదు, ఇంకొకరికి పందిమాంసం పనికిరాదు, ముస్లిం సైనికులకు హలాల్ కావాలి. అడవిలో ఒక దళానికి పోవాల్సిన మూట ఇంకో దళం మీద పడితే తిండి ఉండీ పస్తే. జపాన్ పక్షాన ఈ చిక్కు లేదు. వాళ్ళ చిక్కు ఇంకా పెద్దది. 1944లో జపాన్ జనరల్ ముతగుచి మూడు వారాల తిండితో మూడు డివిజన్లను కొండలెక్కించి, మిగతాది ఇంఫాల్ గోదాముల్లో దోచుకోమన్నాడు. వెంట తోలిన పశువుల్లో చాలా చిండ్విన్ నదిలోనే పోయాయి. ఇంఫాల్ చేజిక్కలేదు. చచ్చినవాళ్ళలో ఎక్కువమందిని చంపింది ఆకలి, రోగాలు.

దారులు తెగి ముట్టడిలో పడిన ఇంఫాల్ తట్టుకున్నది విమానాల వల్ల. డకోటా అనే రవాణా విమానం సుమారు మూడు టన్నులు మోస్తుంది. బియ్యాన్ని పారాచూట్ లేకుండానే తోసేవారు. బస్తాను బిగుతుగా కుట్టితే నేలను తాకగానే పగిలిపోతుంది. అందుకని వదులుగా నింపి, దాన్ని అంతకన్నా పెద్ద గోనెలో పెట్టేవారు. లోపలిది చిరిగినా గింజలు బయటి గోనెలో నిలుస్తాయి. మందుగుండుకీ మందులకీ పారాచూట్ తప్పదు, పట్టు పారాచూట్లు చాలినన్ని లేవు. కలకత్తా జనపనారతో చవకరకం తయారుచేయించాడు స్లిమ్. పట్టుదాని ధర ఇరవై బ్రిటిష్ పౌండ్లయితే దీని ధర ఒక పౌండు పైచిలుకు. పనితనంలో అసలుదానికి 85 శాతం. మనుషులు దూకడానికి పనికిరాదు, పప్పూ ఉప్పూ దూకడానికి భేషుగ్గా సరిపోయింది.

మలేరియా సంగతి క్లుప్తంగా చెబుతాను. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్కరికీ 120 మంది జబ్బుపడి వచ్చారు. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్ర రోజూ వేసుకోవాలి, దాంతో ఒళ్ళు పచ్చబడుతుంది, మగతనం పోతుందని పుకారు. అందుకే నోట్లో పెట్టుకుని ఉమ్మేసేవాళ్ళు. స్లిమ్ ఉన్నట్టుండి తనిఖీలు పెట్టి, మాత్ర వేసుకున్నవాళ్ళు 95 శాతం కంటే తక్కువ తేలిన దళం అధిపతిని తీసేశాడు. ముగ్గురి ఉద్యోగాలు పోయేసరికి మాత్రలు కడుపుల్లోకి దిగాయి. రోగుల్ని వందల మైళ్ళ వెనక్కి పంపడం మాని, యుద్ధరంగానికి కొద్ది మైళ్ళలోనే వైద్యం చేయడం ఇంకో మార్పు. నెలల తరబడి దూరమయ్యే మనిషి వారాల్లో తిరిగొచ్చేవాడు.

ఇక వంతెన. అలసూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్ల (సైనిక ఇంజనీర్ల) కేంద్రం ఉన్న ఊళ్ళో దీన్ని దాటేస్తే ఊరుకోరు. బెయిలీ వంతెన అంటే ముందే చేసిపెట్టిన ఇనప చట్రాల్ని అక్కడికక్కడ కలిపి కట్టేది. ఒక్కో చట్రం పది అడుగుల పొడవు, అయిదడుగుల పైచిలుకు ఎత్తు, 570 పౌండ్ల బరువు. ఆరుగురు మోస్తారు, క్రేను అక్కర్లేదు. ఒకదాని చివర ఇంకోదాని చివరలో దూర్చి మేకులు దిగవేస్తారు. రంధ్రాలు కలిశాయో లేదో వేలుపెట్టి చూడకూడదు. చట్రం కాస్త కదిలితే వేలు ఉండదు. గునపంతోనే సరిచూడాలి. ముందుభాగాన పలకలు లేని తేలిక ముక్కు కట్టి, రోలర్ల మీద మొత్తాన్ని తోస్తారు. ముక్కు అవతలి గట్టును అందుకోకముందే బరువు కేంద్రం రోలర్లు దాటిందా, వంతెన తల ముందుకు వాలి నదిలో పడుతుంది. ముక్కు ఎంత పొడవుండాలన్న లెక్క అందుకే.

బర్మాలో కలేవా దగ్గర చిండ్విన్ మీద తేలే బెయిలీ 1,154 అడుగులు, అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైనది. అవతలి గట్టును తూర్పు ఆఫ్రికా 11వ డివిజన్ కాపు కాసింది. ముక్కల్ని ఉపనది మైత్తాలో కూర్చి, నీటి మీదే తెచ్చి కలిపారు. 1944 డిసెంబరు 10న వంతెన సిద్ధం.

సరిగ్గా ఆ తెల్లవారుజామునే ఇంఫాల్‌లో స్లిమ్‌కి ఇంజన్ల హోరు వినిపించింది. మూడు అమెరికన్ స్క్వాడ్రన్లు, 75 డకోటాలు, చైనాకు ఎగిరిపోతున్నాయి. జపాన్ దాడితో చైనా ఇబ్బందుల్లో ఉంది, ఆ అవసరం కూడా నిజమే. స్లిమ్ కోసం ఎక్కించిన సరుకును రన్‌వే పక్కన దింపేసి వెళ్ళారు. నదిమీద దారి పడిన రోజే ఆకాశంలో దారి సన్నబడింది. అరువు విమానాలతో వచ్చే చిక్కు ఇదే. మధ్య బర్మాలో మాండలే నగరాన్ని పట్టే లెక్కలు తిరగరాశారు. డకోటాకి 250 మైళ్ళు మించితే తెచ్చే సరుకు గిట్టదు కనుక, అరకాన్ తీరాన అక్యాబ్, రామ్రీ దీవులు పట్టుకుని అక్కడ విమానాశ్రయాలు వేయాల్సి వచ్చింది. మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం 1943 నుంచి అమెరికన్ల చేతిలో విమానాల మరమ్మతు డిపోగా నడిచింది. యుద్ధంలో ఈ ఊరి వాటా తుపాకీ కన్నా స్పానరే ఎక్కువ.

చివరికి వానే గెలిచేలా ఉంది. 1945 మే మొదట్లో రుతుపవనాలు ముందే దిగి, ఇంఫాల్ నుంచి వచ్చిన 17వ డివిజన్‌ను పెగూ దగ్గర, రంగానికి నలభై మైళ్ళ దూరంలో, తెగిన వంతెనల ముందు ఆపేశాయి. సముద్రం మీదుగా వచ్చిన 26వ డివిజన్ మే 3న ఊళ్ళోకి నడిచింది. జపాన్ సేన అప్పటికే ఖాళీ చేసిపోయింది. జైలు పైకప్పు మీద ఖైదీలు పెద్ద అక్షరాలతో ఆ మాటే రాసి పెట్టారు, పైనుంచి వెళ్ళే విమానాలకు కనిపించేలా.