ముక్కలో లేదన్నారు, పీఎస్ఏ మాత్రం పెరుగుతోంది

యాంకర్: మర్రిగూడ నుంచి అన్న లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే డాక్టర్ సార్. మా నాయిన గురించి. 68 ఏండ్లు. రాత్రి నాలుగైదు సార్లు ఒంటేలుకు లేస్తాడు. పోయినేడు ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో 7 ఉంటే, సూదితో ఆ గ్రంథి ముక్కలు తీసి చూసే ముక్క పరీక్ష (బయాప్సీ) చేశారు. 12 ముక్కలు తీసి క్యాన్సర్ లేదన్నారు. మొన్న పీఎస్ఏ 11 వచ్చింది. మళ్లీ ముక్క తీయాలంటే నాయిన ససేమిరా అంటున్నాడు.

డాక్టర్: నమస్తే. ప్రోస్టేట్‌కు గోలీలు వాడుతున్నారా? పేరు చదవండి.

కాలర్: టామ్సులోసిన్ సార్.

డాక్టర్: దానితో ఇబ్బంది లేదు. ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ అయితే ఆరు నెలలు వాడాక పీఎస్ఏ సగానికి పడిపోతుంది. అప్పుడు 11ని 22 అనుకుని చూడాలి. ఈ సంగతి చీటీ మీద ఎవరూ రాయరు, నాకు అదే కోపం. వేరే కారణాలతోనూ పీఎస్ఏ పెరుగుతుంది. ఈ మధ్య మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ, మూత్రానికి పైపు వేయడం గానీ జరిగిందా?

కాలర్: ఏం లేదు సార్.

డాక్టర్: సరే. లేదన్నారంటే ఆ 12 ముక్కల్లో లేదని. గ్రంథి మొత్తంలో లేదని కాదు. సూది వేసేటప్పుడు చూసే అల్ట్రాసౌండ్‌లో గ్రంథి కనిపిస్తుంది గానీ, లోపలి గడ్డ చాలాసార్లు కనిపించదు. అందుకే వరసగా అన్ని వైపులా గుచ్చుతారు. మీ నల్లగొండ బత్తాయిని పైనుంచి 12 చోట్ల సూదితో గుచ్చితే గింజ తగలొచ్చు, తగలకపోవచ్చు. పైగా మలద్వారం నుంచి పోయే సూదికి గ్రంథి ముందు భాగం సరిగా అందదు. పోయినేడు ముందుగా ఎంఆర్ఐ తీశారా?

కాలర్: లేదు సార్.

డాక్టర్: అయితే ఇప్పుడు మొదట అది. రిపోర్టులో అనుమానానికి 1 నుంచి 5 దాకా మార్కు ఇస్తారు. 4, 5 వస్తే ముక్క తీయాల్సిందే. 1, 2 వస్తే మామూలుగా పీఎస్ఏ చూసుకుంటూ ఆగొచ్చు. కానీ పెరుగుతూనే ఉంటే మాత్రం మళ్లీ ఆలోచించాలి. 3 వస్తే డాక్టర్ల మధ్యే వాదన. ఎంఆర్ఐ చూపించిన చోటే సూది గుచ్చితే ఎంత తేడానో 2018లో ప్రెసిషన్ అనే అధ్యయనంలో తేలింది. మొదటిసారి ముక్క పరీక్షకు వచ్చిన 500 మందిని రెండు గుంపులు చేశారు. ముప్పు తెచ్చే క్యాన్సర్ పాత పద్ధతిలో 26 శాతం మందిలో దొరికితే, ఎంఆర్ఐ గుంపులో 38 శాతం మందిలో దొరికింది. ఆ గుంపులో 28 శాతం మందికి అసలు సూది అవసరమే రాలేదు. మీ నాయినకు ఈ మాట చెప్పండి.

కాలర్: నడుం నొప్పని ఎక్స్‌రే తీస్తే ఎముకలు తెల్లగా ఉన్నాయన్నారు. మా దిక్కు ఫ్లోరైడ్ ఉన్నదే కదా సార్.

డాక్టర్: అక్కడే చిక్కు. ఫ్లోరోసిస్‌తోనూ ఎముక తెల్లగా గట్టిపడుతుంది, ప్రోస్టేట్ క్యాన్సర్ పాకినా తెల్లగానే కనిపిస్తుంది. బోన్ స్కాన్ కూడా రెంటికీ మెరుస్తుంది. మర్రిగూడ నీళ్లు తాగి పెరిగారని డాక్టర్‌కు మీరే చెప్పండి. అట్లాగని అంతా ఫ్లోరైడే అని వదిలేయకండి, ఫ్లోరైడ్‌తో పీఎస్ఏ పెరగదు.

కాలర్: సూది పెడితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో అంటున్నారు.

డాక్టర్: ఆ భయం పెట్టుకోవద్దు. భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కే. మలద్వారం లోపలి నుంచి కాకుండా, దానికీ వృషణాలకూ మధ్య ఉన్న చర్మం నుంచి సూది వేసే పద్ధతి ఉంది. అందులో ఇన్ఫెక్షన్ తక్కువ, ముందు భాగం కూడా అందుతుంది. ఏ దారిన చేస్తారో అడగండి. రక్తం పలచన చేసే గోలీలుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో ఎరుపు కనిపిస్తే కంగారు పడొద్దు.

యాంకర్: థాంక్యూ అన్నా. అచ్చంపేట నుంచి అమ్మ... చెప్పండమ్మా.

కాలర్: మా ఆయనకు మొన్న ముక్క తీశారు సార్. రాత్రి నుంచి చలి, జ్వరం. గోలీ వేశా, తగ్గట్లేదు.

డాక్టర్: ఫోన్ పెట్టేసి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండమ్మా. తెల్లారేదాకా ఆగొద్దు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయి ఉండొచ్చు, రక్తనాళంలోకి మందులు ఎక్కించాలి. ముక్క తీశారని గేటు దగ్గరే చెప్పండి. వాడిన మందుల చీటీ చేతిలో పెట్టుకోండి. ఒంటేలు వస్తోందా?

కాలర్: పొద్దటి నుంచి రాలేదు సార్.

డాక్టర్: అది కూడా చెప్పండి. ఆటో దొరక్కపోతే 108కి చేయండి. పెట్టేయండమ్మా.