చాక్లెట్ మీద తెల్లపొర, పాతికేళ్ళకే నోబెల్

దృశ్యం: అంబాజీపేట దగ్గర కొబ్బరి తోట. చెట్ల నీడన కోకో మొక్కలు. అరుగు మీద మావయ్య, చేతిలో చాక్లెట్.

నమస్కారమండి. ఈరోజు చాక్లెట్‌తో మొదలుపెట్టి, స్ఫటికాల మీద పరిశోధన చేసే కొత్తవాళ్ళకిచ్చే ఒక బహుమతి గురించి చెబుతాను. వెనకాల కనిపిస్తున్నది మా మావయ్య తోట. పైన కొబ్బరి, కింద అంతరపంటగా కోకో. ఊరి నుంచి వెళ్ళిన గింజ ఎక్కడో చాక్లెట్ అయి, మళ్ళీ నా సంచిలో ఇక్కడికే వచ్చింది. కాగితం విప్పగానే మావయ్య దాన్ని పారేయబోయాడు.

మావయ్య: బూజు పట్టేసిందే అమ్మాయ్! చూడు, ఎంత తెల్లగా ఉందో.

బూజు కాదు మావయ్యా, తినొచ్చు.

దృశ్యం: చాక్లెట్ బాగా దగ్గరగా. తెల్లపొర కనబడాలి.

కోకో వెన్న గడ్డకట్టేటప్పుడు అందులోని అణువులు ఆరు రకాలుగా సర్దుకోగలవు. చాక్లెట్ చేసేవాళ్ళు కోరుకునేది ఐదో రకం. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే చేతిలో కాసేపు ఆగి, నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. విరిస్తే టప్పుమంటుంది, నిగనిగలాడుతుంది. ఇదేమో ఎండలో బస్సు డిక్కీలో ప్రయాణం చేసింది. కరిగి, ఇంటికొచ్చాక మళ్ళీ గడ్డకట్టింది. ఈసారి సర్దుబాటు వేరు, కొవ్వు పైకి తేలి పొర కట్టింది. సరుకు అదే, అణువుల వరుస మారింది, దాంతో గుణం మారింది.

ఇలా అణువులు ఒక వరుసలో పేర్చుకున్న గట్టి పదార్థమే స్ఫటికం. భౌతిక స్ఫటికశాస్త్రం పట్టించుకునేది సరిగ్గా దీన్నే. అణువులు ఏ వరుసలో ఉన్నాయో కనుక్కుని ఊరుకోదు. వేడి చేస్తే ఆ వరుస ఏమవుతుంది, గట్టిగా నొక్కితే ఏమవుతుంది అని అడుగుతుంది. బేరియం, టైటానియం, ఆక్సిజన్ కలిసిన బేరియం టైటనేట్ స్ఫటికాన్నే తీసుకోండి. మామూలు వేడిలో దాని గూట్లో, అంటే స్ఫటికమంతా మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న అమరికలో, టైటానియం నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి జరిగి ఉంటుంది. అందువల్ల స్ఫటికానికి ఒకవైపు ధనావేశం, మరోవైపు ఋణావేశం. సుమారు 120 డిగ్రీలు దాటితే గూడు అన్ని వైపులా సమానంగా, సరిగ్గా పాచికలా అయిపోతుంది, ఆ గుణం కాస్తా పోతుంది.

దృశ్యం: కాగితం మీద చేత్తో గీసిన గూడు. చుక్క మధ్యలోకి జరుగుతుంది.

ఇక బహుమతి సంగతి. బ్రిటన్‌లో స్ఫటికశాస్త్రజ్ఞుల సంఘం ఉంది, బ్రిటిష్ క్రిస్టలోగ్రాఫిక్ అసోసియేషన్, 1982లో పెట్టారు. అందులోని భౌతిక స్ఫటికశాస్త్ర విభాగం, పరిశోధనలో కొత్తగా కాలుపెట్టినవాళ్ళకి ఒక బహుమతి ఇస్తుంది. చూసేది ఈమధ్య అచ్చయిన పని, అది ముందుముందు ఎంత దూరం పోతుందన్నది.

కుర్రాళ్ళకి వేరే బహుమతి ఎందుకు? సొమ్మొకడిది సోకొకడిది అంటాం కదా, పరిశోధనలో అది మరీ ఎక్కువ. 1912లో 22 ఏళ్ళ లారెన్స్ బ్రాగ్‌కి ఒక ఆలోచన తట్టింది: స్ఫటికంలోని పొరలు ఎక్స్ కిరణాలకి అద్దాల్లా పనిచేస్తాయని. పొరల మధ్య దూరాన్ని కొలిచే సూత్రం అక్కడే పుట్టింది. వాళ్ళ నాన్న విలియం బ్రాగ్ అప్పటికే పేరున్న ప్రొఫెసర్. నాన్న మంచివాడే, పాపం. కానీ అందరూ అది ఆయన బుర్రలోంచే వచ్చిందనుకున్నారు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. కొడుక్కి 25. భౌతికశాస్త్రంలో అంత చిన్న వయసులో ఇంకెవరికీ రాలేదు, ఈరోజుకీ. అయినా ఆ వెలితి ఆయన్ని చాలాకాలం వదల్లేదు.

స్ఫటికశాస్త్రజ్ఞురాలు కాథ్లీన్ లాన్స్‌డేల్‌ది ఇంకో కథ. ఆరు కార్బన్ పరమాణువుల బెంజీన్ వలయం చదునుగా ఉంటుందని 1929లో ఎక్స్ కిరణాలతో చూపించింది. తర్వాత పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే కూర్చుని లెక్కలు చేసింది. వయసు ఒక్కటే చూసి గీత గీస్తే ఇలాంటివాళ్ళు గీతకి అవతలే మిగిలిపోతారు. అందుకే ఇప్పుడు చాలా బహుమతులు పుట్టిన తేదీని కాకుండా పీహెచ్‌డీ తర్వాత గడిచిన ఏళ్ళని చూస్తాయి, ప్రసవ సెలవుల్ని తీసేసి మరీ. నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది.

మన దగ్గర స్ఫటికాలకే ప్రత్యేకం కాదుగానీ, యువ శాస్త్రవేత్తలకి విజ్ఞాన్ యువ శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం ఉంది, 45 ఏళ్ళ వరకు.

మావయ్య: నలభై అయిదా? అయితే నేనూ మొన్నమొన్నటిదాకా కుర్రాణ్ణేనన్నమాట!

అయ్యుండొచ్చు మావయ్యా. పాత భట్నాగర్ బహుమతి 1961లో స్ఫటికశాస్త్రజ్ఞుడు జి.ఎన్. రామచంద్రన్‌కి వచ్చింది, నలభై నిండకముందే. మన తెలుగువాడు సూరి భగవంతం వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగానే స్ఫటికాల సౌష్ఠవానికీ (తిప్పినా అలాగే కనిపించే తీరుకీ) వాటి గుణాలకీ లంకె పట్టుకున్నారు. 1948లో ఆయన తెచ్చిన పుస్తకం మీద తోటి రచయితగా టి. వెంకటరాయుడు పేరు కూడా ఉంది. అది నాకు నచ్చిన విషయం.

ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకి ఒక మాట. ప్రయోగం ఎవరు చేశారు, లెక్క ఎవరు కట్టారు, స్ఫటికం ఎవరు పెంచారు, ఇవన్నీ ఏరోజుకారోజు నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. దరఖాస్తు నింపే రోజున గుర్తురావు.

దృశ్యం: మావయ్య చాక్లెట్ కొరుకుతాడు. తల ఊపుతాడు.

మావయ్య: కాస్త ఇసకలా ఉందిగానీ, రుచి బానే ఉంది.

కెమెరా పట్టింది మా తమ్ముడు. పోయిన వీడియోలో పేరు వేయలేదని రెండు రోజులు అలిగాడు. ఈసారి ముందు వాడి పేరే వేశాను.